దొంగలు పడ్డారా?

మా ఉద్యోగ జీవితమంతా అలారాల మధ్యనే గడిచింది. 1992లో ట్రైనీగా చేరిన నాటి నుండి టర్బైన్ నిర్వహణ విభాగంలో మేము విన్న అలారాలకు లెక్క లేదు. వాటిలో చాలా భాగం ఉత్తుత్తివే. ఎక్కడో ఒక కేబుల్ వదులవుతుంది. బేరింగు దగ్గర కంపనం పెరిగినట్లు కంట్రోల్ రూములో ఎర్రదీపం వెలుగుతుంది. పరుగున వెళ్ళి చూస్తే యంత్రం నిక్షేపంగా తిరుగుతూ ఉంటుంది. అటువంటి అలారం పదిసార్లు మోగితే పదకొండవసారి ఆపరేటరు కుర్చీలోనుండి లేవడు. ప్రమాదం ఆ పదకొండవసారి కోసమే కాచుకొని ఉంటుంది. ఈ సంగతి మన సంస్థలో పనిచేసే వారందరికీ విదితమే. అయితే ఇదే సూత్రం మన ఇళ్ళలోని గర్భిణీ స్త్రీల విషయంలోనూ అక్షరాలా వర్తిస్తుందని గ్రహించడానికి మాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి మేము చెల్లించిన మూల్యం మరొక కుటుంబం చెల్లించకూడదనే ఉద్దేశంతో, కొంత సంకోచిస్తూనే, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మా శ్రీమతి, మా అమ్మాయి ఇద్దరూ చదివి సమ్మతించిన మీదటనే ఈ వ్యాసాన్ని సంపాదకులకు పంపుతున్నాము.

1998 డిసెంబరు నాటి మాట. అప్పుడు మేము మధ్యప్రదేశ్‌లోని ఒక ప్రాజెక్టు కాలనీలో ఉండేవాళ్ళము. కొత్త యూనిట్ సిద్ధమవుతున్న రోజులు కావడంతో ఇంటికి, ప్లాంటుకు తేడా లేకుండా పోయింది. మా శ్రీమతికి తొలి కాన్పు. ముప్ఫై ఒకటవ వారం నడుస్తున్నది. తొమ్మిదవ నెలలో పుట్టింటికి పంపాలని అనుకొని, అంతవరకు తోడుగా ఉండటానికి మా తల్లిగారిని ఊరి నుండి పిలిపించుకున్నాము. ఒకనాటి ఉదయం మా శ్రీమతికి నడుము దిగువన సన్నని నొప్పి మొదలైంది. కాసేపు ఉండి పోయేది, మళ్ళీ వచ్చేది. ఆరుగురు పిల్లలను కన్న మా తల్లిగారు, "ఇవి దొంగనొప్పులే అమ్మా, నెలలు నిండకుండా అసలు నొప్పులెందుకు వస్తాయి?" అని ధైర్యం చెప్పి జీలకర్ర కషాయం కాచి ఇచ్చారు. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు మా శ్రీమతి ఆ నొప్పి సంగతి మాతో ప్రస్తావించింది. మేము టీ త్రాగి, "రేపు ఆసుపత్రికి వెళదాము" అని చెప్పి రాత్రి డ్యూటీకి తిరిగి వెళ్ళిపోయాము.

తెల్లవారుజామున మూడు గంటలకు ఉమ్మనీరు పోయింది. పొరుగింటివారు కబురు చేస్తే జీపు తీసుకొని వచ్చాము. పెద్దాసుపత్రి చేరేసరికి తెల్లవారింది. చేరిన గంటలోపే మగబిడ్డ పుట్టాడు. ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదన్నారు. నలభై గంటలు బ్రతికాడు. అంతకు మించి ఆ రోజును గురించి వ్రాయలేము. మా తల్లిగారిని మేము ఒక్క మాట అనలేదు. అనడానికి మాకు అర్హత కూడా లేదు. ఆమెకు తెలిసింది ఆమె చేశారు. ఏ చిన్న శబ్దం విన్నా గడియారం చూసి లాగ్‌బుక్‌లో వ్రాసుకునే వృత్తిలో ఉన్న మేము, ఇంటిలో ఆ నొప్పి ఎంతసేపటికి ఒకసారి వస్తున్నదని ఒక్క ప్రశ్న వేయలేదు. మరుసటి ఏడాదిన్నరకు, 2000 సంవత్సరంలో, మాకు అమ్మాయి పుట్టింది. పూర్తి నెలలు నిండి, ఏ ఆటంకమూ లేకుండా. ఆ సంతోషంలో పాత గాయం మానిందనే అనుకున్నాము.

కాలం గడిచింది. గోదావరి తీరానికి బదిలీ అయి వచ్చాము. 2024 మే నెలలో, సీమంతం జరిపించి, అమ్మాయిని పురిటికి ఇంటికి తీసుకువచ్చాము. అల్లుడుగారు ఉద్యోగరీత్యా పూనాలో ఉంటారు. వచ్చిన వారం రోజులకే ఒక రాత్రి పదకొండు గంటలకు అమ్మాయి మమ్మల్ని లేపింది. "నాన్నా, కడుపు రాయిలా గట్టిపడుతోంది. భయంగా ఉంది" అన్నది. అప్పటికి ఇరవై తొమ్మిదవ వారం. పట్టణంలోని ఆసుపత్రికి కారులో పన్నెండు కిలోమీటర్లు ఎలా వెళ్ళామో మాకే తెలియదు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చాలా ఓపికగల మనిషి. అమ్మాయిని పరీక్షించి, స్కానింగులో గర్భాశయ ముఖద్వారం పొడవు కొలిచి, మూత్రపరీక్ష చేయించి, బిడ్డ గుండెచప్పుడు విని, రెండు సీసాల నీళ్ళు త్రాగించి ఎడమవైపుకు తిరిగి పడుకోబెట్టారు. గంట గడిచేలోగా కడుపు మెత్తబడింది. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ఆమె చెప్పిన విషయాలను మేము అలవాటు ప్రకారం జేబుపుస్తకంలో వ్రాసుకున్నాము. వాటి సారాంశం ఇది.

గర్భాశయం ఒక కండరము. కాన్పుకు చాలాకాలం ముందునుండే అది అప్పుడప్పుడు బిగుసుకొని వదులవుతూ, ఒక విధంగా సాధన చేస్తూ ఉంటుంది. 1872లో జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఆంగ్ల వైద్యుడు వీటిని వివరించినందున వైద్యులు వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. మన పెద్దలు ఏనాటి నుండో దొంగనొప్పులు అంటున్నవి ఇవే. వీటికి ఒక క్రమం ఉండదు. ఒకసారి పది నిమిషాలకు వస్తే, తరువాతిది అరగంటకు రావచ్చు, అసలు రాకపోవచ్చు. పోనుపోను బలపడవు, దగ్గరపడవు. సాధారణంగా కడుపు ముందుభాగంలోనే బిగువు తెలుస్తుంది. పడుకున్నవారు లేచి నడిచినా, నడిచేవారు పడుకున్నా, మూత్రవిసర్జన చేసినా, నీళ్ళు త్రాగినా తగ్గుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, బాగా అలసినప్పుడు, మూత్రాశయం నిండినప్పుడు ఎక్కువవుతాయి. ఆనాటి మే నెల ఎండలో అమ్మాయి సరిగా నీళ్ళు త్రాగకపోవడమే ఆ రాత్రి కథకు కారణమై ఉంటుందని డాక్టరమ్మ అభిప్రాయపడ్డారు.

అసలు నొప్పులు అలా కాదు. వాటికి లయ ఉంటుంది. ఒకదాని ప్రారంభం నుండి మరొకదాని ప్రారంభానికి గల వ్యవధిని గడియారంతో చూడాలి. ఆ వ్యవధి క్రమబద్ధంగా ఉండటం, పోనుపోను తగ్గటం, నొప్పి నిడివి, బలం పెరగటం, పడుకున్నా నీళ్ళు త్రాగినా లొంగకపోవటం అసలు నొప్పుల లక్షణం. ముప్ఫై ఏడు వారాలు నిండకముందే ఇవి వస్తే దానిని నెలలు నిండని కాన్పు అంటారు. అప్పుడు కడుపునొప్పికంటే ముందుగా నడుము దిగువన సన్నని నొప్పి, పొత్తికడుపులో నెలసరి నాటి నొప్పి వంటిది, బిడ్డ క్రిందికి నొక్కుతున్నట్లు బరువు, కొందరికి విరేచనాలు, తెల్లబట్టలో మార్పు, నీరు కారడం, రక్తపు చారిక వంటివి కనిపించవచ్చు. "వీటిలో అన్నీ రావాలని లేదు. ఒక్కటి వచ్చినా మాకు చూపించండి" అన్నారు డాక్టరమ్మ. నడుము దిగువన సన్నని నొప్పి అన్న మాట విన్నప్పుడు మా శ్రీమతి మా వైపు చూసింది. మేము తల వంచుకొని వ్రాసుకుంటూ ఉండిపోయాము.

చివరగా ఆమె చెప్పిన మాట ఒకటి మేము వ్రాసుకోలేదు. వ్రాసుకొని ఉంటే బాగుండేది. "చేతితో తాకి, మాటలు విని ఇవి ఏ నొప్పులో తేల్చడం మాకే ఒక్కొక్కసారి సాధ్యం కాదు. ముఖద్వారం మెత్తబడి తెరుచుకుంటున్నదా లేదా అని చూస్తేనే తెలుస్తుంది. కనుక పదిసార్లు ఉత్తినే వచ్చినా నేను విసుక్కోను. రావలసినప్పుడు రాకపోతేనే విసుక్కుంటాను" అన్నారు.

తెల్లవారుజామున ఇంటికి చేరాము. భయం తీరిన తర్వాత మనిషికి పరిహాసం పుడుతుంది. ఆ మరునాటి నుండి అమ్మాయి ఎప్పుడు కడుపు మీద చేయి వేసుకున్నా, "ఏమ్మా, మళ్ళీ దొంగలు పడ్డారా?" అనడం మాకు అలవాటైపోయింది. ఇంటికి వచ్చిన బంధువులకు కూడా ఆ అర్ధరాత్రి ప్రయాణాన్ని కథగా చెప్పి నవ్వించేవాళ్ళము. అమ్మాయి కూడా నవ్వేది. ఆ నవ్వులో సిగ్గు ఉన్నదని మేము గమనించలేదు.

నాలుగు వారాలు గడిచాయి. జూన్ నెలలో ఒక సాయంత్రం ఐదున్నరకు డ్యూటీ నుండి వచ్చేసరికి ఇల్లు ఎప్పటివలెనే ఉన్నది. అమ్మాయి వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తున్నది. మా శ్రీమతి మాత్రం స్టవ్ దగ్గర నిలబడి, కూర సంగతి మరచి, అమ్మాయినే చూస్తున్నది. అమ్మాయి చేతులు మధ్యమధ్య ఆగిపోతున్నాయి. ఎడమచేయి నడుముకు వెళుతున్నది. కొంతసేపటికి మళ్ళీ కాయలు వలుస్తున్నది. "ఏమైందే?" అని అడిగితే "ఏం లేదమ్మా, కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది" అన్నది. మా శ్రీమతి స్టవ్ ఆపి వచ్చి ఆమె ప్రక్కన నేల మీద కూర్చున్నది. "పట్టేసిందా, వచ్చి పోతోందా?" అని అడిగింది. ఇరవై ఆరేళ్ళ క్రితం తననెవరూ అడగని ప్రశ్న అది.

అమ్మాయి జవాబు చెప్పలేదు. మా శ్రీమతి గోడగడియారం వైపు చూసి మాతో, "ఏమండీ, వ్రాయండి" అన్నది. జేబుపుస్తకం తీశాము. ఐదు ముప్ఫై ఎనిమిది. ఐదు నలభై ఎనిమిది. ఐదు యాభై ఏడు. ఆరు గంటల ఆరు నిమిషాలు. ఈలోగా నీళ్ళు త్రాగించి, ఎడమవైపు పడుకోబెట్టి చూశాము. తేడా లేదు. అప్పుడు అడిగాము, ఎప్పటి నుండి అని. మధ్యాహ్నం రెండు గంటల నుండి అన్నది. "మరి చెప్పలేదేమ్మా?" అంటే కళ్ళనీళ్ళు పెట్టుకొని, "మళ్ళీ దొంగలు పడ్డారా అని నవ్వుతారనుకున్నాను నాన్నా" అన్నది.

పాఠకులు మన్నించాలి. మూడు దశాబ్దాల ఉద్యోగంలో మేము ఎన్నో తప్పులు చేసి ఉంటాము, ఎన్నో మెమోలకు సంజాయిషీలు వ్రాసి ఉంటాము. ఈ ఒక్క మాటకు సంజాయిషీ దొరకలేదు. 1998లో మేము అలారాన్ని వినిపించుకోలేదు. 2024లో అంతకంటే పెద్ద తప్పు చేశాము. అలారం మోగకుండా మేమే దాని నోరు నొక్కివేశాము.

ఆరున్నరకు ఆసుపత్రిలో ఉన్నాము. ముఖద్వారం అప్పటికే రెండు సెంటీమీటర్లు తెరుచుకున్నది. ముప్ఫై మూడు వారాల రెండు రోజుల గర్భం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. మంటగాని, జ్వరంగాని లేకుండానే అది రావచ్చునని, నెలలు నిండని నొప్పులను అది ప్రేరేపించవచ్చునని చెప్పారు. దానికి మందులు ప్రారంభించి, నొప్పులను కొంతకాలం నిలపడానికి వేరే మాత్రలు ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యంగా డెక్సామెథసోన్ అనే ఇంజెక్షన్ మొదటి మోతాదు ఇచ్చి, పన్నెండు గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు ఇవ్వాలన్నారు.

ఈ ఇంజెక్షన్ గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. న్యూజిలాండ్‌కు చెందిన లిగ్గిన్స్ అనే శాస్త్రవేత్త గొర్రెల మీద ప్రయోగాలు చేస్తూ, నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్లలు ఈ జాతి మందు ప్రభావం వలన ఊపిరి పీల్చుకోగలుగుతున్నాయని గమనించారు. తరువాత ఆయన, హోవీ అనే వైద్యుడు కలిసి గర్భిణీ స్త్రీలలో పరిశీలించి 1972లో ఫలితాలను ప్రకటించారు. తల్లికి ఇచ్చిన మందు మాయ ద్వారా బిడ్డను చేరి ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేస్తుంది. ఖరీదైన మందు కాదు. మన దేశంలో 2014 నుండి, ఇరవై నాలుగు మొదలు ముప్ఫై నాలుగు వారాల మధ్య నొప్పులు వచ్చిన తల్లికి, పెద్దాసుపత్రికి పంపేముందే ఏఎన్ఎం కూడా మొదటి మోతాదు ఇవ్వవచ్చునని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి కావలసింది ధనం కాదు, వ్యవధి. పూర్తి ఫలితానికి ఇంచుమించు రెండు రోజులు కావాలి. 1998లో కూడా ఆ మందు ఉన్నది. దానికి కావలసిన వ్యవధినే మేము ఇవ్వలేదు.

ఈసారి నాలుగు మోతాదులూ పూర్తయ్యాయి. నాలుగవ రోజున నొప్పులు మళ్ళీ బలపడి ఆడపిల్ల పుట్టింది. బరువు 1,900 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు విన్నప్పుడు మా శ్రీమతి వరండాలో గోడకు ఆనుకొని అలాగే కూర్చుండిపోయింది. ఆమె ఎవరి కోసం ఏడుస్తున్నదో మాకు తెలుసు.

పాప పధ్నాలుగు రోజులు నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉన్నది. తల్లిపాలు పిండి, మన పాత ఉగ్గుగిన్నె వంటి గిన్నెతోనే పట్టేవారు. రోజులో చాలా గంటలు పాపను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా ఆనించి పడుకోబెట్టేవారు. దీనిని కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలని ఒక ఆసుపత్రిలో ఈ పద్ధతి మొదలై ప్రపంచమంతటా వ్యాపించింది. పూనా నుండి వచ్చిన అల్లుడుగారు కూడా చొక్కా గుండీలు తీసి పాపను గుండెకు హత్తుకొని గంటల తరబడి కూర్చునేవారు. మా తరంలో తండ్రులకు ఆ భాగ్యం లేదు.

ఇది ఒక్క మా ఇంటి సమస్య కాదు. 2020లో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని, వారిలో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ పాల్గొన్న అంచనాలు తెలుపుతున్నాయి. కనుక మన కాలనీలలోని కుటుంబాల ఉపయోగార్థం మా అనుభవంలో తేలిన కొన్ని విషయాలను క్రోడీకరిస్తున్నాము. వైద్యుల సలహాకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

ఒకటి, ఏడవ నెల రాగానే ఇంటిలో గడియారం, కాగితం, పెన్సిలు ఒకచోట ఉంచండి. కడుపు గట్టిపడినా, నడుములో నొప్పి వచ్చి పోతున్నా ప్రారంభ సమయం వ్రాయండి. గంటలో ఆరు లేక అంతకంటే ఎక్కువసార్లు, అనగా పది నిమిషాలకొకటి చొప్పున వస్తుంటే ఆసుపత్రికి బయలుదేరండి.

రెండు, మూత్రవిసర్జన చేసి, రెండు మూడు గ్లాసుల నీళ్ళు త్రాగి, ఎడమవైపుకు తిరిగి పడుకొని గమనించవచ్చును. గంటకు మించి వేచి ఉండవద్దు. నొప్పులు బలపడుతుంటే ఆ గంట కూడా ఆగవద్దు.

మూడు, నీరు కారినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినట్లనిపించినా గడియారంతో పనిలేదు. వెంటనే వెళ్ళాలి. మన టర్బైన్ ట్రిప్ కావాలంటే మూడు సెన్సార్లలో రెండు ఒకే మాట చెప్పాలి. ఇక్కడ ఒక్కటి చెప్పినా చాలు.

నాలుగు, జీలకర్ర కషాయం త్రాగించి తగ్గుతాయో లేదో చూద్దామని కాలయాపన చేయవద్దు. ఆముదం వంటివి అసలే వద్దు. ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుంది, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతకదు అనే నానుడిలో నిజం లేదు. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే.

ఐదు, వాహనం ఎవరిది, రాత్రివేళ ఎవరిని పిలవాలి, నెలలు నిండని శిశువులకు వసతి గల ఆసుపత్రి ఎక్కడ ఉన్నది అన్నవి ముందుగానే నిర్ణయించుకోండి. షట్‌డౌన్‌కు ఆరు నెలల ముందు నుండి ప్రణాళిక వేసే మనకు ఇది కష్టం కాదు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. అర్ధరాత్రి లేపి ఆసుపత్రికి తీసుకువెళ్ళమన్న ఆడపిల్లను, అది దొంగనొప్పి అని తేలినంత మాత్రాన ఎన్నడూ పరిహసించవద్దు. ఉత్తుత్తి అలారానికి పోయేది ఒక రాత్రి నిద్ర, కాస్త పెట్రోలు. అసలు అలారం మోగకపోతే పోయేదేమిటో మాకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమెతో, "మంచి పని చేశావమ్మా, మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ లేపు" అని చెప్పండి. ఆ ఒక్క మాట మేము మొదటి రాత్రే చెప్పి ఉంటే, మధ్యాహ్నం రెండు గంటలకే ఆసుపత్రిలో ఉండేవాళ్ళము.

ఇప్పుడు మనుమరాలు మా ఇంటిలో గోడలు పట్టుకొని పరుగెత్తుతున్నది. వచ్చినప్పుడల్లా మా జేబుపుస్తకం లాగి పేజీలు చింపడం దాని ఆట. అన్ని పుస్తకాలూ ఇస్తున్నాము. నాలుగు సమయాలు వ్రాసి ఉన్న ఆ ఒక్క పుస్తకాన్ని మాత్రం మా శ్రీమతి బీరువాలో దాచింది. దాని ప్రక్కనే 1998 నాటి ఆసుపత్రి చీటీ ఒకటి ఉన్నది. ఆమె దానిని ఇన్నేళ్ళు భద్రపరిచిందని మాకు ఆనాటి వరకు తెలియదు.